చేతికి తెలియని మీటలు

మొన్న ఒర్లియంపేటలో మా వీధి కాలువ తవ్వడానికి వచ్చిన యంత్రంలో, డ్రైవరు నున్నటి గాజుపలక మీద వేలు ఆనిస్తూ పని నడిపించడం చూసి, కూరగాయల సంచీ చేత పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయానో నాకే తెలియదు. చుట్టూ అందరూ గోతిని చూస్తుంటే నేను అతని చేతినే చూశాను. అలాంటి చేతుల కోసం మీటల పలకలు గీయడమే ఒకప్పుడు నా ఉద్యోగం.

డెబ్బైల చివర్లో, ఊరి అంచున ఒక ఇనుప కార్ఖానాలో డ్రాయింగు ఆఫీసులో చేరాను. మా మేనమామ అక్కడే క్రేను నడిపేవాడు. తరతరాలుగా ఈ తమిళపు ఊళ్లో ఉంటూ ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడుకునే కుటుంబం మాది. మామకు ఏ భాషా చదవడం రాదు. కానీ షెడ్డు కప్పు కింద ఉండే క్రేను గదిలో కూర్చుని, వేలాడే బరువు మీదనుంచి చూపు తిప్పకుండా, పొడుగాటి పాత మీటలను తడుముతూనే, టన్నుల ఇనుమును నిండు బిందెను దించినంత నెమ్మదిగా నేల మీద దించేవాడు.

ఆ మీటలు తీసేసి కొత్త పలక పెట్టాలన్నప్పుడు గీసే పని నాకిచ్చారు. ఒకే కొలత, ఒకే రంగు, వరుసగా ఆరు బొత్తాలు, వాటి కింద ఇంగ్లీషు అక్షరాలు. కాగితం మీద ఎంతో ముచ్చటగా ఉండేది. బిగించే ముందు మామ తనే వచ్చి ఆ పలకను తడిమి చూశాడు.

"ఏంది అల్లుడా, అన్నీ ఒకటే మాదిరి ఉండాయే. లేపేది యాడ, దించేది యాడ అని చెయ్యికి తెలియాల గదా. నేను చూసేది బరువును, దీన్ని కాదు."

పెద్దవాళ్లు సంతకాలు పెట్టేసిన డ్రాయింగును మళ్లీ గీయడం నామోషీ అనిపించి, నాలుగు దినాల్లో అలవాటైపోతుందిలే మామా అన్నాను.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం, గొలుసు సరిచేయడానికి కింద వంగిన మనిషి మీదనుంచి బరువు పైకెత్తబోయి, మామ పక్కనున్న దించే బొత్తాన్ని నొక్కాడు. ఆ మనిషి ప్రాణంతో బయటపడ్డాడు గానీ కుడికాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. మామ చూడకుండా నొక్కాడని విచారణలో రాశారు. పలక గీసిందెవరని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే సాకుగా, విచారణ జరిగిన బల్ల చివరే కూర్చున్న నేను నోరు తెరవలేదు. మామ ఉద్యోగం పోయింది.

తర్వాత నేనే పైఅధికారులను ఒప్పించి, వారం రోజులు ఆ క్రేను గదిలో కూర్చుని, పైకెత్తడానికి గుండ్రటి గుబ్బ, దించడానికి బల్లపరుపు పిడి ఉండేలా కొత్త పలక గీశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు మోయలేక, ఆ గుబ్బ, పిడి నమూనాలు రెండూ పట్టుకుని కదిర్కామంలో మామ ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని ఆఫీసులో చెప్పేస్తానన్నాను. ఆయన కళ్లు మూసుకుని రెండింటినీ తడిమి, ఇప్పుడు సరిగా ఉండాదని నా చేతిలో పెట్టాడు.

"నీ పని గూడా పోవాల్నా? కూచో. కాఫీ తాగిపో."

నేను కూర్చున్నాను, కాఫీ తాగాను, ఆఫీసులో ఎప్పటికీ చెప్పలేదు.

కార్ఖానా ఉన్నచోట ఇప్పుడు ఇళ్లు లేచాయి. మామ లేడు, కాలు పోగొట్టుకున్న ఆయనా లేడు. ఈ కాలంలో ఇలాంటివి గీసేవాళ్లు, నడిపేవాళ్లను ముందే పిలిచి కూర్చోబెట్టుకుని అడుగుతారట. వినడానికి సంతోషంగానే ఉంటుంది. ఆ రోజుల్లో అలా పిలిచి అడగమని మాకెవరూ చెప్పలేదు, నిజమే. కానీ మా మామ పిలవకుండానే వచ్చి చెప్పాడు.