అరచేతిలో పంచామృతం

2023 చలికాలం. మిషిగన్‌లో, నోవైకి దగ్గర్లోని ఒక ఆసుపత్రి న్యూరో ఐసీయూలో నర్సుగా నాది పగటి డ్యూటీ. శ్రీనివాస్‌గారికి నలభై ఎనిమిదేళ్లు, పదేళ్లుగా షుగర్. మెదడులో రక్తనాళం చిట్లి మూడో రోజు. ఇలాంటివాళ్లకి షుగర్ బాగా పెరిగితే చిట్లినచోట వాపు ఎక్కువ కావచ్చు. మరీ పడిపోతే మెదడుకి తిండే ఉండదు. అందుకే ఇన్సులిన్ డ్రిప్ పెట్టి, గంటగంటకీ వేలు గుచ్చి చూస్తాం.

మధ్యాహ్నం వాళ్ల కుటుంబ మిత్రుడు మూర్తి అంకుల్ అభిషేకం చేయించిన పంచామృతం తెచ్చారు. పేషెంటుకి మింగే శక్తి లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుందన్నాను. ఆయన నవ్వారు.

"మన తెలుగమ్మాయివే కదమ్మా. కాస్త చూసీ చూడనట్టు పో."

నోట్లో మాత్రం పెట్టొద్దని గట్టిగా చెప్పి పక్క పేషెంటు దగ్గరికి వెళ్లాను.

ఒంటిగంటకి కుడిచేతి వేలు గుచ్చితే 338. అంతకుముందు గంట 164. ఏమైనా ఇచ్చారా అని రెండుసార్లు అడిగాను. ఏమీ లేదన్నారు అంకుల్, నా కళ్లలోకి చూస్తూనే. డాక్టర్‌కి చెప్పి ఇన్సులిన్ పెంచాను. ముప్పావుగంటకి శ్రీనివాస్‌గారికి ఒళ్లంతా చెమటలు, పిలిస్తే పలుకు లేదు. వాపు పెరిగిందనుకుని సీటీ స్కాన్‌కి మంచం కదిలించబోయాం. ఎందుకో ఎడమచేతి వేలు గుచ్చి చూశాను. 44.

డ్రిప్ ఆపి, నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాక కాసేపటికి కళ్లు తెరిచారు. అప్పుడు ఆయన భార్య మాధవి నా దగ్గరికొచ్చింది.

"నోట్లో పెట్టలేదండీ. కుడిచేతిలో వేసి తుడిచేశాం. అంకులే చెప్పొద్దన్నారు."

వేలికంటిన తేనె, చక్కెరనే మీటర్ లెక్కపెట్టింది. నేను స్పిరిట్ దూదితో ఒక్కసారి తుడిచి గుచ్చాను. ఆ జిగట అంత తేలిగ్గా పోదు.

దేవుడి ప్రసాదానికి ఇంత రాద్ధాంతమా అన్నారు అంకుల్. నాకు ఒళ్లు మండిపోయింది.

"ప్రసాదం తప్పు కాదంకుల్. అడిగినప్పుడు మీరు చెప్పిన అబద్ధం తప్పు. ఇంకాసేపైతే ఆయన మనకి దక్కేవారు కాదు."

ఆ కోపంలో సగం నా మీదే. వింత అంకె కనబడగానే చెయ్యి సబ్బుతో కడిగి మళ్లీ చూడాల్సింది. రిపోర్టులో నా తప్పే ముందు రాశాను.

ఇప్పుడు గదిలో ఎంత తెలిసినవాళ్లున్నా ముందు పేషెంటు చేతులు కడిగి, ఆ తర్వాతే వాళ్లకి నమస్కారం పెడతాను. నేను పొగరుబోతునని అంకుల్ ఇప్పటికీ అందరికీ చెబుతున్నారట. చెప్పుకోనివ్వండి. వినడానికి శ్రీనివాస్‌గారు బతికున్నారు, అది చాలు.