రూటు బాబాయి తీర్పులు

రేడియో పరికరాలు తయారుచేసే ఆ ఆఫీసులో అందరూ రూటు బాబాయి అని పిలిచే పెద్ద ఇంజనీరుకు ఒకటే పిచ్చి. ఎవరి తగువు విన్నా రెండు అంకెలు అడుగుతారు. వాటిని గుణించి, వర్గమూలం తీసి, అదే తీర్పంటారు.

టీలో ఒకరు నాలుగు చెంచాల చక్కెర వెయ్యమంటే, ఇంకొకరు ఒక్కటి చాలన్నారు. "నాలుగొకట్లు నాలుగు, దాని రూటు రెండు. కలపండి," అన్నారు బాబాయి. మర్నాడు అకౌంటెంటు వచ్చి తనకు సున్నా అన్నాడు. దేన్ని సున్నాతో గుణించినా సున్నాయే కాబట్టి ఆ వారం ఆఫీసంతా మొహాలు చిట్లించుకుని చప్పటి టీ తాగింది.

ఆదివారం తొమ్మిది గంటలు పనిచేయాలన్నాడు మేనేజరు. ఇంట్లో చంటిబిడ్డ ఉన్న టెక్నీషియనమ్మ గంటకు మించి కుదరదంది. "మూడు," అన్నారు బాబాయి. మధ్యే మార్గమే కదా అని మేనేజరు తలూపాడు.

కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయికి మాత్రం నవ్వే ఓపిక లేదు. ఆమె కట్టిన బాలన్ పనిచేయడం లేదు. ఉద్యోగం ఖాయం కావడం దానిమీదే ఉంది. అటు యాభై ఓముల కేబుల్‌కూ, ఇటు రెండు వందల ఓముల యాంటెనాకూ పొత్తు కుదిర్చే చిన్న సర్క్యూట్ అది.

"కాయిల్స్ ఎంత లెక్కన చుట్టావమ్మా?"

"సగటు తీశాను బాబాయ్. నూట పాతిక."

"యాభైకి నూట పాతిక ఎన్ని రెట్లు?"

"రెండున్నర."

"నూట పాతికకి రెండొందలు?"

"రెండు రెట్లు కూడా లేదు."

"మరి బరువంతా చిన్నవాడి నెత్తినేగా? గుణించి రూటు తియ్యి."

యాభైని రెండు వందలతో గుణిస్తే పదివేలు, రూటు వంద. యాభైకి రెట్టింపు వంద, వందకు రెట్టింపు రెండు వందలు. ఇద్దరికీ ఒకే ఎత్తు మెట్టు. ఆ లెక్కన కాయిల్స్ మళ్ళీ చుట్టి పెడితే సిగ్నల్ వెనక్కి తిరగకుండా నేరుగా యాంటెనాకు వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ బట్టీ పట్టిన సూత్రంలో ఇంత న్యాయం ఉందా అని ఆమె మీటరు ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

మేనేజరు వచ్చి చూశాడు. "ఒకటి పనిచేస్తే సరిపోదు. అరవై నాలుగు కట్టి చూపిస్తే ఉద్యోగం ఖాయం చేస్తాను."

"ఒకటి కట్టాను కదండీ," అంది ఆమె నీరసంగా.

"ఎనిమిది," అన్నారు బాబాయి.

"సరే, మధ్యస్తంగా ఉంది," అని మేనేజరు గుమ్మం దాటాడు.

ఆమె మనసులో లెక్క వేసుకుంది. మధ్య అంటే ముప్ఫై రెండున్నర. ఆదివారం పని కూడా మూడు కాదు, ఐదు గంటలు కావాల్సింది.

"బాబాయ్, మీ రూటు ఎప్పుడూ చిన్న అంకె వైపే మొగ్గుతుంది కదూ?"

"ముందు ఆ తలుపు వెయ్యమ్మా," అన్నారు బాబాయి గొంతు తగ్గించి. "ఆయనకి సగటు తియ్యడం వచ్చు."