ఇంగమ్మ పంక్తి

ఉలవలు ఉడికిన ప్రతిసారీ కోటిబాబు గుప్పెడు తీసి, ఊది, నాలుగు గింజలు నోట్లో వేసుకుంటాడు. ఉప్పు చూస్తాడు. కళ్లు మూసుకుని నమిలి, తల ఊపాకే బకెట్లు కదులుతాయి. ఉప్పు గురించి గుర్రాలు ఎప్పుడూ ఏమీ అనలేదు.

బర్మాలోని రేవుపట్నం శివారు లైంగ్‌థార్యార్‌లో ఉన్న ఆ లాయం కుట్టు ఫ్యాక్టరీ యజమాని ఊ జో విన్‌ది. మగవాళ్లకు ఊ, ఆడవాళ్లకు డో అంటే ఇక్కడ గారు అన్నట్టు. కోటిబాబు తాత విశాఖ నుంచి ఇక్కడి రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. మనవడు గడ్డి మోపులు మోస్తాడు. బరువు తగ్గింది కనుక కుటుంబం పైకొచ్చినట్టే.

లాయంలో నాలుగు బర్మా పొట్టి గుర్రాలు ఉండేవి. పోయినేడు ఐదోది వచ్చింది. నార్వే దేశపు ఫ్యోర్డ్ జాతి ఆడగుర్రం. పాలలో పసుపు కలిపిన రంగు. మెడ మీద కుంచెలా నిలబడిన తెల్లటి జూలు, దాని నడుమ నల్లటి చార. కాగితాల్లో పేరు ఇంగ్రిడ్. కోటిబాబు ఇంగమ్మ అన్నాడు. చలిదేశపు ప్రాణి కదా అని దానికి ఫ్యాన్ పెట్టించారు. ఫ్యాక్టరీలో కరెంటు పోతే ఆడపిల్లలు అట్టముక్కలతో విసురుకుంటారు. లాయంలో పోతే జనరేటరు మోగుతుంది.

పశువుల డాక్టరు డో తీడా మొదటిరోజే చెప్పింది. ఈ జాతి కొండల్లో దొరికిన గడ్డి తిని బతికింది. గాలి పీల్చినా ఒళ్లు చేస్తుంది. దీనికి కొలిచి ఎండుగడ్డి వెయ్యాలి, గింజ పెట్టకూడదు. పెడితే గిట్టలు పాడవుతాయి. నిలబడలేని గుర్రాన్ని ఇక చంపడమే.

కోటిబాబు విన్నాడు. కానీ ఐదు గుర్రాలూ ఒకే వరుసలో ఉన్నాయి. నాలుగింటికి ఉలవలు, ఒకదానికి గడ్డి. కోటిబాబు వాళ్ల ఇళ్లలో భోజనాల పంక్తి మధ్య ఒకరి ఆకు ఖాళీగా వదలడం తిట్టడం కన్నా ఘోరం. ఇంగమ్మ మెడ చాచి పక్క బకెట్ వైపు చూసేది. ఉప్పు చూశాక గుప్పెట్లో మిగిలినవి దాని నోటికి అందించాడు. కొన్నాళ్లకు గుప్పెడు దోసెడైంది. తర్వాత బకెట్ అయింది.

ఇంగమ్మ గుండ్రంగా తయారైంది. యజమాని స్నేహితులు పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారు.

"నా దగ్గర పనిచేసేవాళ్లంతా ఇలాగే ఉంటారు," అన్నాడు ఊ జో విన్, కడుపు నిమురుతూ. గుర్రం కడుపే.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఇంగమ్మ ముందుకాళ్లు చాచి నిలబడి కదలనంది. డో తీడా వచ్చి గిట్ట మీద చెయ్యి వేసింది. కాలుతోంది.

"ఊ కోటి, ఏం పెడుతున్నారు?"

"ఎండుగడ్డే. కాసిని ఉలవలు."

"కాసిని అంటే?"

"అందరికీ పెట్టినన్ని."

ఆమె చెయ్యి తుడుచుకుంది. "ఈసారికి మందు ఇస్తాను. మళ్లీ పెడితే చావు సూది నేనే వెయ్యాలి."

ఇంటికెళ్లి భార్య చిన్నమ్మికి చెప్పాడు. ఆమె పిల్లల కంచాల్లో అన్నం, చేపల పులుసు వడ్డించి, అతని కంచంలో రెండు గోధుమ రొట్టెలు వేసింది. అతనికి షుగరు.

"ఏటి మావా, ఒక్క గుర్రం నోరు కట్టలేపోనావా?"

"వరసలో నిలబెట్టి దానికొక్కదానికే పెట్టకపోతే ఎలాగే?"

"నాను నీకు పెట్టట్నేదు కదా. పాపం తగిలి పోనానా?"

"నా ముక్కు కిందే పులుసు పోస్తావు. అది పాపం కాదేటి?"

"అయితే రేపట్నించి అరుగు మీద కూకుని తిను. వాసన రాదు."

పిల్లలు నవ్వారు. కోటిబాబు నవ్వలేదు. రొట్టె చేత్తో పట్టుకుని అరుగు వైపు చాలాసేపు చూశాడు.

మర్నాడు పొద్దున్నే నాలుగు పొట్టి గుర్రాలనూ, పొయ్యినీ వెనక రేకుల షెడ్డులోకి మార్చాడు. మధ్యలో గోనెపట్టా కట్టాడు. ఉలవలు ఉడికాయి. గుప్పెడు తీసి, ఊది, కాసేపు చూసి, తిరిగి బకెట్లో వేశాడు. ఉప్పు చూడకుండానే బకెట్లు కదిలాయి. తర్వాత వాసన పోయేదాకా చేతులు కడుక్కున్నాడు. ఇంగమ్మ ముందు ఎండుగడ్డి వేసి, పక్కనే ఖాళీ బకెట్ బోర్లించి కూర్చుని, తన రొట్టెల పొట్లం విప్పాడు.