నాలుగో టిక్కు

తాడేపల్లిగూడెంలో నేను తెలుగు చెప్పే కాలేజీలో ఎవరు రిటైరైనా విందు ఉంటుంది. ఐదు వంటకాలు. జాబితా రాసి ఇరవై మందికీ కాగితాలు పంచుతాం. నచ్చినవాటన్నిటికీ టిక్కు పెట్టొచ్చు, పేరు రాయక్కర్లేదు. ఎక్కువ టిక్కులు వచ్చిన ఐదూ వండిస్తాం. రిటైరయ్యే మనిషి కూడా అందరిలాగే టిక్కు పెట్టి ఊరుకోవాలి. నాకిది కావాలని నోరు తెరిచి అడగడం మా వైపు మర్యాద కాదు.

ప్రతిసారీ చికెన్ పలావు, మటన్ కూర, రొయ్యల వేపుడు, గుత్తివంకాయ, బొబ్బట్లే గెలిచేవి. కొల్లేటి వైపు వాళ్లం నలుగురం ఉన్నాం. పంతం కొద్దీ కొరమీను పులుసుకి తప్ప దేనికీ టిక్కు పెట్టేవాళ్లం కాదు. బురదలో బతికే చేపని ఎవరు తింటారని మిగతావాళ్లు దాని జోలికి వచ్చేవారు కాదు. ఇది అన్యాయమని మూడేళ్లు స్టాఫ్ రూములో గొంతు చించుకున్నాను. నవ్వి, టీ తాగి వెళ్లిపోయేవారు.

కిందటేడు మా ల్యాబ్ అటెండర్ గారి వంతు వచ్చింది. కొల్లేటి లంక గ్రామం ఆయనది, మా నలుగురిలో ఒకరు. తన విందులోనైనా పులుసు ఉంటే బాగుండునని నాతో మాత్రం అన్నారు. ఆ వారమే, అత్తిలి నుంచి వచ్చి కొత్తగా చేరిన లెక్కల మేడం స్టాఫ్ మీటింగులో లేచారు.

"ఇరవై మందిమి, ఐదు వంటకాలండీ. నలుగురికి ఒకటి లెక్క. ఏ నలుగురైనా కలిసి ఒకటే కోరుకుంటే, ఆ నలుగురికీ నచ్చింది ఒక్కటైనా లేకుండా విస్తరి వెయ్యకూడదండీ."

అందరూ సరేనన్నారు. ఎంత తెలివని ప్రిన్సిపాల్ గారు మురిసిపోయారు. అటెండర్ గారైతే దణ్ణం పెట్టినంత పని చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. మూడేళ్లుగా నేను మొత్తుకున్నది ఇదే కదా. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. పైగా ఆవిడ చేప వాసన కూడా పడని మనిషి. ఆ రోజు నుంచి ఆవిడ బోర్డు మీద రాసిన అక్షరాలు గుండ్రంగా ఉన్నా సహించలేకపోయాను.

కాగితం చేతికొచ్చింది. పులుసు దగ్గర పెన్ను ఆగింది. ఈ ఒక్కసారికి ఆవిడ గెలవకపోతే చాలనిపించింది. చికెన్ పలావుకి టిక్కు పెట్టి, మడిచి ఇచ్చేశాను.

ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టి, పులుసుకి మూడే వచ్చాయన్నారు. మొహం చిన్నబోయింది. దాచడం ఎందుకు, ఆ పూట నాకు హాయిగానే ఉంది.

విందు రోజున అటెండర్ గారు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. వడ్డన అయ్యాక గొంతు తగ్గించి అన్నారు.

"మిగతా ఇద్దరిలో ఎవరో పెట్టలేదండీ. పోనీలెండి. మీరు పెట్టారని నాకు తెలుసు."

తలూపాను. ఆయన తాను ఇంకా ముట్టుకోని బొబ్బట్టు తీసి నా విస్తట్లో వేశారు. తిన్నాను.