అనలాగా, డిజిటలా?

గల్ఫ్ యుద్ధం రోజుల్లో నేను సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో మెయింటెనెన్స్ పనిలో ఉండేవాణ్ని. ఇంటి నుంచి ఉత్తరాలకు బదులు మాటలు నింపిన క్యాసెట్లు వచ్చేవి. "అక్కడ బాంబులు పడుతున్నయట, నువ్వు పైలం" అంటూ నా భార్య ఏడ్చిన క్యాసెట్ ఒకటి దాచుకున్నాను. కొన్నేళ్లకు ఆమె చనిపోయింది. ఆమె గొంతుగా నా దగ్గర అదొక్కటే మిగిలింది. టేపు పాతబడి, బుసబుసమనే శబ్దం దాన్నీ కమ్మేయసాగింది.

అప్పటికీ నేను హఫర్‌లోనే ఉన్నాను; అక్కడి క్యాసెట్ల దుకాణంలో పనిచేసే మన జగిత్యాల అతనికి బుస తీసేయమని క్యాసెట్ ఇచ్చాను.

"అన్నా, అనలాగ్ ఫిల్టర్ పెడితే బుస తగ్గుతది గని గొంతు మసకైతది. కంప్యూటర్ల డిజిటల్ పెడితే బుస మొత్తం పోతది గని గొంతు రేకు లెక్క మోగుతది. రెండూ చేసి పెడ్త, నువ్వే ఇని చెప్పు" అన్నాడు.

సాయంత్రం వెళ్లేసరికి దుకాణంలో నలుగురు కూర్చుని ఆమె ఏడుపు వింటున్నారు.

"ఇది అనలాగ్, గిది డిజిటల్. ఏది మంచిగుంది?" అని అతను అడుగుతున్నాడు.

"రెండోదే. ఏడుపు మంచిగ ఇనొస్తంది. మల్ల పెట్టు" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

"బంద్ చెయ్" అన్నాను.

"నీ కోసమే గదన్నా. నలుగురినడిగితె తెలుస్తదని..."

ఆ రెండు కాపీలూ చెరిపించి, నా క్యాసెట్ తీసుకుని వచ్చేశాను. ఇప్పటికీ ఆమె ఏడుపు మొదలవగానే వాళ్ల నవ్వు గుర్తొస్తుంది. టేపు ఆపేస్తాను.