మావయ్య వడ్డన

పోయిన ఆదివారం కొవ్వూరులో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఇంటాయన స్వయంగా పూర్ణం బూరెల పళ్ళెంతో వస్తుంటే, విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "షుగరండీ బాబూ!" అన్నాను. "మాకు మాత్రం లేదేంటండీ? ఈ ఒక్క రోజుకీ ఏం కాదు" అంటూ నా వేళ్ళ సందులోంచి రెండు జారవిడిచారు. మా గోదావరి జిల్లాల్లో ఎవరైనా ఆరోగ్యంగా ముసలితనం దాకా వచ్చారంటే అది వాళ్ళ గొప్పే గాని చుట్టాల చలవ మాత్రం కాదు. ఆ బూరెల్ని చూస్తుంటే మా చిన్న మావయ్య గుర్తొచ్చాడు.

మావయ్యది మొగల్తూరు దగ్గర ఐదెకరాల వ్యవసాయం. ఆయన నోట వద్దనే మాట రాదు. "వద్దంటే అవతలివాళ్ళ మనసు చిన్నబోతుందిరా" అనేవాడు. ఎవరు పిలిచినా వెళ్ళడం, వేసిందల్లా తినడం. అరవై దాటాక ఓ రోజు పేపర్లో అక్షరాలు అలుక్కుపోతున్నాయంటే నేనే రాజమండ్రి తీసుకెళ్ళాను. కళ్ళ డాక్టరుగారు పరీక్ష చేసి, "షుగరు ఇలాగే ఉంటే చూపు దక్కదండి" అని తెగేసి చెప్పారు. మావయ్య బెదరలేదు. అత్తయ్య భోరుమంది. ఆవిడకి చదువు రాదు. కాపరానికొచ్చిన నాటి నుంచీ రోజూ పొద్దున్నే ఆయన అరుగు మీద కూర్చుని పేపరంతా, ధాన్యం రేట్లతో సహా, చదివి వినిపించాల్సిందే. "మీ కళ్ళు పోతే నాకూ పోయినట్టేనండీ" అంది. అప్పుడు పట్టుకుంది మావయ్యకి భయం.

మందులు మొదలెట్టాడు. ఇంట్లో అన్నం తగ్గించాడు. బంతిలో కూర్చుంటే మాత్రం మళ్ళీ పాత కథే. ఒక పెళ్ళిలో వడ్డించేవాళ్ళు చాలక పెళ్ళివారు కంగారుపడుతుంటే, తువ్వాలు నడుముకి బిగించి పప్పు బకెట్టు అందుకున్నాడు. వడ్డించేవాణ్ణి తినమని ఎవరూ బతిమాలరన్న సంగతి ఆయనకి అప్పుడు తెలిసింది! మూడు బంతులు వడ్డించి, ఆఖర్న వంటవాళ్ళతో కూర్చుని తనకి కావలసిన నాలుగు ముద్దలు తిని లేచాడు. అంతే, ఆ తర్వాత ఏ ఫంక్షనుకెళ్ళినా తిన్నగా వంటల షెడ్డులోకే. నడకకి నడక, మర్యాదకి మర్యాద. ఏడాది తిరిగేసరికి షుగరు దిగింది, చూపు నిలబడింది.

తమాషా ఏంటంటే, తను తప్పించుకున్న కొసరంతా మా మీద కుమ్మరించేవాడు. అంత మొండి వడ్డన నేనింకెక్కడా చూడలేదు. "వయసులో ఉన్నావు, నీకేం రోగంరా?" అంటూ నా ఆకు నింపేసేవాడు. సిగ్గుండొద్దూ ఆ మనిషికి!

యాభై దాటాక నాకూ వచ్చింది షుగరు. ఎవరికీ చెప్పుకోబుద్ధి కాక మావయ్య ఒక్కడికే ఫోన్లో చెప్పాను. ఆ మరుసటి వారమే మా మేనకోడలి ఓణీల ఫంక్షను. కాజాల పళ్ళెంతో వరసగా వడ్డించుకుంటూ వచ్చిన మావయ్య నా ఆకు ముందు ఆగిపోయాడు. కాజా పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఇందులో నా పాపం కూడా ఉందిరా" అన్నాడు మెల్లగా. పళ్ళెం ఇంకొకరి చేతికిచ్చి నా ముందే నిలబడ్డాడు. వెనకాల ఎవరొచ్చినా, "వీడికయిందండీ, మీరు పదండి" అని పంపించేశాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మనవాడు కాబట్టే నాకు వడ్డించలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి, పెరుగన్నం గబగబా కలిపేశాను.

మావయ్య ఎనభై నాలుగో ఏట నిద్రలోనే వెళ్ళిపోయాడు. ఆ ముందురోజు పొద్దున కూడా పేపరు చదివి వినిపించాడు. పరామర్శకి వెళ్తే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "ఆ డాక్టరు పోతాయన్న కళ్ళు నాకు ఇంకో ఇరవై ఏళ్ళు లోకం చూపించాయిరా" అంది. ఎవరెంత పెడితే అంత ప్రేమనుకుంటూ పెరిగినవాణ్ణి నేను. పెట్టబోయి ఆగిన చెయ్యిని గుర్తుపట్టడానికి సగం ఆయుష్షు పైనే పట్టింది.