హారన్ లేని వీధి

మా నాయన హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే ప్రైవేటు బస్సుకు డ్రైవరు. నేను హిందూపురం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఎం.టెక్. చదువుతూ, ఊళ్లలో జనం బండ్లు ఎంత ప్రమాదకరంగా నడుపుతారో కంప్యూటర్‌లో తేల్చే పనిలో ఉండేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. తండ్రి బస్సు తోలుతుంటే కూతురు డ్రైవర్ల మీద తప్పులు పట్టే చదువు చదవడం మా బంధువులకు మంచి కాలక్షేపంగా ఉండేది.

చూడడానికి నా ప్రయోగం అంత గొప్పగా ఏమీ ఉండదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ, బెంగళూరులో కొన్న ఆటల స్టీరింగు, కాళ్ల దగ్గర పెడళ్లు, ఎదురుగా పక్కపక్కనే మూడు మానిటర్లు. వాటి మీద హిందూపురం బజారులాంటి వీధిని నేనే తయారు చేశాను. అందులో ఆటోలు, తోపుడుబండ్లు, రెండు పక్కల నుంచీ అడ్డం వచ్చే మనుషులు. మనిషి ఎదురైనప్పుడు డ్రైవరు ఎంతసేపటికి బ్రేకు తొక్కాడో కంప్యూటర్ లెక్క కట్టేది. ఊళ్లోని డ్రైవర్లను బతిమాలి తీసుకొచ్చేదాన్ని. కంప్యూటర్ గది కాబట్టి చెప్పులు బయటే విడిచి, భయం భయంగా లోపలికి వచ్చేవాళ్లు. కూర్చున్న ప్రతి ఒక్కరూ ముందు హారన్ కోసం వెతికేవాళ్లు. నేను హారన్ పెట్టలేదు.

"హారన్ లేకుంటే బండి ఎట్ల తోలేదిమ్మా? నీ మనుషులు పక్కకే జరగరు" అని ఒక ఆటో డ్రైవరు సగంలో లేచి వెళ్లిపోయాడు. హారన్ వినగానే పక్కకు దూకే మనుషులను తయారు చేయడం అప్పటికి నాకు చేతకాలేదు. తర్వాత చూద్దాంలే అని వదిలేశాను.

ఆ ఏడాది నాయన బస్సుకు ఎడమవైపు గీతలు పడడం మొదలైంది. ఒకసారి అద్దం విరిగింది. ఇంకోసారి బస్టాండు గోడకు రాసుకొని రంగు లేచిపోయింది. నాయన నెపమంతా క్లీనరు మీద వేశాడు. బస్సు యజమాని మాత్రం, "వయసు మీద పడినట్టుండాదప్పా, ఇంక చాలించు" అన్నాడు. నాయన రెండు పూటలు సరిగ్గా అన్నం తినలేదు. ఆయనకు ఇంకో పని తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఇన్నేళ్లలో ఒక్క మనిషికీ దెబ్బ తగలనియ్యలేదన్నదే ఆయన గొప్ప.

"నీ కంప్యూటర్లో నన్ను తోలనీ పాపా. బాగా తోలినాడని ఒక కాగితం రాసియ్యి. ఆయప్ప మొగాన కొడతా" అన్నాడు.

నాకు ఏ అనుమానమూ లేదు. పైగా నా ప్రయోగం చూసే మా గైడు సారుకు నాయనను చూపించుకోవచ్చని లోపల సంబరంగా కూడా ఉంది.

నాయన కుర్చీలో కూర్చొని, అందరిలాగే హారన్ వెతికి, లేదని తెలుసుకొని ఉసూరుమన్నాడు. తర్వాత నిదానంగా, ఒద్దికగా తోలాడు. కుడిపక్క నుంచి ఎవరొచ్చినా ముందే బ్రేకు తొక్కాడు. ఇంతలో ఎడమపక్క సందులో నుంచి బడిపిల్ల ఒకతె నడిచి వచ్చింది. నాయన కాలు కదలలేదు. బండి చప్పుడు లేకుండా ఆ పిల్ల మీదుగా వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎడమ నుంచే ఒక ముసలావిడ, సైకిలు తొక్కుతూ ఒకతను. వాళ్లకూ అదే గతి. నాయన ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

ఆపేసి, నా వైపు తిరిగి నవ్వాడు. "సూసినావా? ఒక్కరికీ తగల్లేదు."

నేను ఆయన తోలినదంతా మళ్లీ వేసి చూపించాను. అప్పుడు కూడా ఆయనకు ఏమీ కనబడలేదు. "మొగం ఎడమపక్కకు తిప్పి సూడు నాయనా" అన్నాను. తిప్పి చూశాడు.

"ఈ పిల్ల యాడ నుంచి వచ్చినాది?"

"సందులో నుంచి. ముందు నుంచే నడిసి వస్తాండాది నాయనా."

మళ్లీ వెయ్యమన్నాడు. ఈసారి తల తిప్పుకొనే చూశాడు, చివరిదాకా.

"బజార్లో ఇన్నేండ్లూ ఎవురూ నాకు ఇట్ల అడ్డం రాలేదే" అన్నాడు. స్టీరింగు నడుమ హారన్ ఉండాల్సిన చోట వేలు పెట్టి ఆయనే మళ్లీ, "హారన్ కొడతా ఉంటి గదా. వాళ్లే దూకినారేమో పాపా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయనకు రాలేదు. ఎడమపక్క చూపు చాలావరకు పోయిందని, పోయింది ఇక రాదని తర్వాత కంటి డాక్టరు చెప్పాడు. అప్పటికే నాయన బస్సు తాళాలు యజమానికి ఇచ్చేసి వచ్చాడు.

కంప్యూటర్లో తోలిన ఆ రోజు నాయన కాగితం మాట ఎత్తలేదు. చెప్పులేసుకొని నాతోపాటు కాలేజీ బయటికి వచ్చాడు. హిందూపురం బస్సు అవతలి పక్క ఆగుతుంది. రోడ్డు దాటే ముందు ఆగి, "నువ్వు ఈ పక్కకు రా" అని నన్ను తన ఎడమవైపుకు జరుపుకొని, నా చెయ్యి పట్టుకొన్నాడు.